ఊరి వరస మామ

ఒక మాట ఇరవై ఏళ్ళ పైచిలుకుగా నా మీద కూర్చుని ఉంది. పెద్ద మాటేమీ కాదు. మామ. మా వైపు పొద్దున్నుంచి రాత్రి దాకా ఎక్కడ చూసినా వినబడే మాట. ఆటో అతన్ని పిలిచినా మామే, టీ అంగడి ముసలాయన్ని పిలిచినా మామే. ఆ మాటను నేను ఒకసారి అనకూడని చోట అన్నాను. ఇంకోసారి అనాల్సిన చోట అనలేదు. ఆ రెండింటికీ మధ్య ఉన్నదే నా బతుకు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదయింది. తెలిసినవాళ్ళకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. నా భార్య ఎదురుగా కూర్చుని, "ఒక సంగతి చెప్పాల" అని మొదలుపెట్టి, గ్యాస్ బుక్ చేసినావా అని అడిగి లేచిపోయిన రోజులున్నాయి. నవ్వొస్తుంది కదా. నాకూ అప్పుడప్పుడు వస్తుంది.

నేను అకౌంటెంటుని. మార్కాపురంలో బీకాం చదివి, అక్కడే ఒక పలకల ఫ్యాక్టరీలో చేరాను. గనుల నుంచి వచ్చిన రాతిని పలచగా చీల్చి, మిషన్ మీద కోసి, విదేశాల్లో గోడలకూ నేలకూ వేసుకునే పలకలు తయారుచేసేవాళ్ళు. కోతకు లేచే దుమ్ము సన్నగా, బూడిదరంగులో ఉండేది. నా టేబుల్ మీదా అదే, క్యారేజీ మూత మీదా అదే. అయినా నాకు లోపల ఒక గది, ఒక తలుపు, ఒక ఫ్యాను ఉండేవి. కోసేవాళ్ళకు అవేవీ లేవు. అప్పట్లో ఆ తేడా నాకు తేడాగానే అనిపించలేదు.

చెన్నయ్య ఆ కోత మిషన్ మీద పనిచేసేవాడు. అర్ధవీడు వైపు మనిషి. తరతరాలుగా గొర్రెలు కాసుకున్న కుటుంబం. వరసగా వానలు మొహం చాటేసి, మేత దొరక్క, మందను అమ్ముకుని పని కోసం మార్కాపురం వచ్చాడు. నాకంటే చాలా పెద్ద. నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. మా కులాలు వేరు. మాది కాస్త పొలమున్న సేద్యపు ఇల్లు. అయినా పేరు పెట్టి పిలిస్తే మర్యాద కాదు కాబట్టి ఏదో ఒక వరస కలుపుకుంటాం. దాన్ని మా దగ్గర ఊరి వరస అంటారు. రక్తసంబంధమూ కాదు, పెళ్ళి సంబంధమూ కాదు, ఉత్త పిలుపు. ఆ పిలుపుకు ఖర్చు లేదు. పెళ్ళిపత్రికలో పేరు వేయనక్కర్లేదు. కష్టమొస్తే నిలబడనక్కర్లేదు.

ఒక మధ్యాహ్నం చెన్నయ్య కుడిచెయ్యి మిషన్ బెల్టులో పడింది. ఎవరో అరిచారు. నేను గదిలోంచి వచ్చేసరికి మిషన్ ఆపేశారు. ఆ తర్వాత చూసింది మీకు చెప్పను. మణికట్టు పైదాకా తీసేయాల్సి వచ్చింది.

యజమాని రాక్షసుడేమీ కాదు. తన జీపులోనే ఆసుపత్రికి తీసుకుపోయాడు. వరండాలో మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చున్నాడు. కానీ బెల్టుకు అడ్డంగా ఉండాల్సిన ఇనుపరేకు పీకేసి చాలా కాలమైందని ఆయనకు తెలుసు. కోతవాళ్ళలో సగం మంది పేర్లు హాజరుపట్టీలో లేవని కూడా తెలుసు. చెన్నయ్య పేరు లేదు. ఇవన్నీ నాకూ తెలుసు. ఎవరు కబురు పెట్టారో, మూడోనాటికి ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఆఫీసరు ఒకడు ఆసుపత్రికే వచ్చాడు. కోస్తా వైపు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన మనిషని మాటను బట్టే తెలిసిపోయింది.

యజమాని నాతో ఒక్కమాట అన్నాడు. "నువ్వు చూసుకోబ్బా." అంతే. ఏం చూసుకోవాలో చెప్పలేదు. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న అబద్ధం ఇక్కడే ఉంది. యజమాని అనిపించాడు, ఉద్యోగం కోసం అన్నాను అని. ఆయన అనిపించలేదు. ఆ మాట నాదే. అప్పటికప్పుడు, ఎవరూ అడగకుండా, నా నోట్లోనే తయారైంది.

"ఈయన మీ ఫ్యాక్టరీలో పనిచేస్తాడా?" అని నన్ను అడిగాడు ఆఫీసరు.

"లేదు సార్. మా మామ. ఊర్నుంచి నాకు క్యారేజీ తెచ్చినాడు. పోతా పోతా మిషన్ కాడ నిలబడి, చూస్తా చూస్తా చెయ్యి పెట్టినాడు."

ఆఫీసరు మంచం వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఈ అబ్బాయి నీకేమవుతాడు?"

చెన్నయ్య నా మొహం చూశాడు. చెయ్యి కట్లలో ఉంది, నొప్పికి పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆ చూపులో ఏముందని ఆ తర్వాత నేను వెతకని రోజు లేదు. అడిగాడా? అర్థం చేసుకున్నాడా? అల్లుడు ఏదో మేలుకే చెప్తున్నాడని నమ్మాడా?

"అల్లుడు సార్," అన్నాడు. "మా అల్లుడే."

మా వైపు ఆఫీసరైతే నవ్వేవాడు. సొంత మామనా, ఊరి వరసనా అని ఇంకో ప్రశ్న వేసేవాడు. ఆ ఒక్క ప్రశ్నకు నా కథంతా కూలిపోయేది. మా ఇళ్ళూ కులాలూ ఆయనకు తెలియవు. మామ అంటే మామే అనుకున్నాడు. రాసుకుని వెళ్ళిపోయాడు.

పనివాడిగా తేలి ఉంటే చట్టప్రకారం చెన్నయ్యకు రావలసింది వచ్చేది. మందను మళ్ళీ నిలబెట్టుకోవడానికి అదే చాలేది. అల్లుడికి క్యారేజీ తెచ్చిన మామకు ఏం వస్తుంది? కట్లు విప్పేదాకా ఆసుపత్రి ఖర్చు యజమాని పెట్టుకున్నాడు. అంతటితో సరి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. దాచుకుంటే ఈ రాత దండగ. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే నాకు సిగ్గు వేయలేదు. గర్వం వేసింది. ఎంత తెలివిగా అన్నాను, ఎంత సరిగ్గా అతికింది అనుకున్నాను. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను కూడా.

ఆ తర్వాతి నా ఉద్యోగాలన్నీ ఆ మాట మీద నిలబడినవే. పొదిలిలో పొగాకు వ్యాపారం చేసే బంధువుకు మా యజమాని నన్ను అప్పగిస్తూ, "నమ్మకస్తుడు, ఏ మాట యాడ అనాలో తెలిసినోడు" అన్నాడు. అక్కడ కొన్నేళ్ళు పొగాకు ఘాటులో కూర్చున్నాను. ఆ వ్యాపారి తోడల్లుడికి బోరు లారీలుంటే అక్కడికి మారాను. నీళ్ళు పడని బోర్ల లెక్కలు రాయడమంటే మామూలు సంగతి కాదు, రైతు మొహం చూడకుండా రాయాలి. అది నాకు బాగా అబ్బింది. ఆ తర్వాత మార్కాపురంలో ఒక ప్రైవేటు కాలేజీ. చివరికి గిద్దలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి. పలక, పొగాకు, బోరు, చదువు, రోగం. ఎక్కడికి పోయినా ఒకటే పొగడ్త, నమ్మకస్తుడు.

నా పెళ్ళి చెన్నయ్య చెయ్యి పోయిన ఏడాదే అయింది. నేను పిలవలేదు. ఆయనే వచ్చాడు, భార్య ఈరమ్మను వెంటబెట్టుకుని, కొత్త కండువా మొండిచేతి మీద కప్పుకుని. పసుపుబట్టల్లో ఉన్న నాకు పందిట్లో ఈరమ్మ గొంతు వినబడింది. మా అత్తగారితో చెప్తోంది.

"సదువుకున్నోడు, మా కులమూ గాదు. అయినా గవుర్మెంటు ఆఫీసరు ముందర మా మామ అని చెప్పినాడమ్మా. ఈ కాలంలో ఎవురు చెప్తారు అట్ల?"

మా అత్తగారు నన్ను చూసి మెచ్చుకోలుగా తలూపింది. నేను నవ్వాను. పెళ్ళి ఫోటోల్లో ఆ నవ్వు ఉంది. ఆల్బమ్ తెరిచినప్పుడల్లా నేను ఆ పేజీ తొందరగా తిప్పేస్తాను.

ఆ చెయ్యికి రావలసింది కొట్టేసిన మాటను వాళ్ళు గౌరవమనుకున్నారు. ఊరంతా చెప్పుకున్నారు. అప్పుడైనా నేను నోరు విప్పి ఉండవచ్చు. ఆఫీసరు దగ్గరికి పోయి, తప్పు చెప్పాను, ఈయన పనివాడే అని ఉండవచ్చు. ఎందుకు పోలేదు? పెళ్ళయిన కొత్త అన్నాను. పాప పుట్టిందన్నాను. ఇక ఇప్పుడు కాలం దాటిపోయిందన్నాను. సాకులు దొరకడంలో నాకు ఏనాడూ కరువు రాలేదు.

నా భార్య సుజాతకు చిన్నప్పుడే తండ్రి పోయాడు. చెన్నయ్య ఎప్పుడు ఊర్నుంచి వచ్చినా మా ఇంటికి రాకుండా పోయేవాడు కాదు. వచ్చిన మొదటిసారే ఆమె నాయనా అని పిలిచింది. ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. నాలుగు మేకలు కొని, ఎడమచేత్తోనే మళ్ళీ బతుకు మొదలుపెట్టాడు. అవి ఈనినప్పుడల్లా జున్నుపాలు తెచ్చేవాడు. కాలం వస్తే నల్లమల సీతాఫలాలు బుట్టతో దిగేవి. పొదిలి వచ్చినా, గిద్దలూరు వచ్చినా, నేను ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరికి ఆ బుట్ట వచ్చేది. మా పాపకు ఆయన సొంత తాత. సెలవుల్లో ఆయన ఊరికి పోయి మేకపాలు పితకడం నేర్చుకుంది. ఆయన ఎడమచేత్తో చూపించాడు కాబట్టి, అది ఈనాటికీ పాలు ఎడమచేత్తోనే పితుకుతుంది. రాసేది మాత్రం కుడిచేత్తో. అందరూ నవ్వుతారు. నేను కూడా నవ్వాలి కాబట్టి నవ్వుతాను.

మా లెక్కల్లో సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. ఏ పద్దు కింద రాయాలో తేలని వాటిని, తేలేదాకా అందులో పడేస్తాం. తేల్చకుండా ఏళ్ళు గడిపితే ఆడిటర్లు తిడతారు. చెన్నయ్యను నేను అందులో పెట్టాను. ఆయన ఎదురుగా కూర్చుని సుజాత చేతి ముద్దపప్పు తింటుంటే, మామా అని నేను పిలిచేది అబద్ధమా, నిజమా, ఎప్పుడు మారింది అని లోపల అడుగుతుండేవాణ్ణి. ఒకసారి ఆయనను అడగబోయాను కూడా. "ఆ పొద్దు ఆసుపత్రిలో..." అన్నాను. ఆయన పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "అయ్యన్నీ ఇప్పుడెందుకు అల్లుడా" అన్నాడు. తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా? నేను మళ్ళీ అడగలేదు. వదిలేశాడులే అని హాయిగా ఊపిరి తీసుకున్నాను.

ఇంతవరకూ చెప్పింది తేలికే. వయసులో ఉన్నాను, భయపడ్డాను, తెలివి ఎక్కువైంది అంటే ఎవరైనా సరే పోనీలే అంటారు. అసలు చెప్పాల్సింది ఇప్పుడు మొదలవుతుంది.

రెండేళ్ళ కిందట చెన్నయ్యకు దగ్గు పట్టుకుంది. నిజానికి అది పాత దగ్గే. పలకదుమ్ము చెయ్యితోపాటు వదిలిపోయిందని మేమంతా అనుకున్నాం. అది లోపలే ఉండిపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. ఒకరోజు పొద్దున గిద్దలూరులో బస్సు దిగి, అడుగుతా అడుగుతా మా ఆసుపత్రికి వచ్చాడు. కౌంటర్లో అమ్మాయితో, "మా అల్లుడు ఈడ్నే అకౌంటెంటు" అని చెప్పాడట. ఆ అమ్మాయి నా గదికి వచ్చి, "సార్, మీ మామగారు" అంది.

మా ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉంది. సిబ్బంది సొంతవాళ్ళకు వైద్యం చాలా తక్కువ ఖర్చులో చేస్తారు. మా వైపు అందరూ అందరికీ మామలే కాబట్టి, ఆ పద్ధతి వీధిన పడింది. నర్సుల బాబాయిలు, డ్రైవర్ల పెదనాయనలు వారానికో ఇద్దరు తేలేవాళ్ళు. ఆసుపత్రి నడిపే డాక్టరుగారికి విసుగొచ్చింది. ఆ నెలలోనే అందరినీ నిలబెట్టి కోప్పడ్డారు. ఆ సొంతవాళ్ళ జాబితా సరిగా చూసే పని కూడా నాకే అప్పగించారు, నమ్మకస్తుణ్ణి కదా.

చెన్నయ్యను డాక్టరుగారి గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్ళాను. డాక్టరుగారు కేసు కాగితం మీద పేరు చూశారు. ఊరు చూశారు. ఆయనది ఈ నేలే. నా ఇల్లూ వాకిలీ, కులమూ గోత్రమూ ఆయనకు తెలుసు. తలెత్తి, కోపం లేకుండానే అడిగారు.

"సొంత మామేనా, ఊరి వరసనా?"

ఆ కోస్తా ఆఫీసరు అడగని ప్రశ్న. ఇన్నేళ్ళ తర్వాత నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

ఏం చెప్పాలి? నా భార్యకు ఈయనే నాయన. నా బిడ్డకు ఈయనే తాత. నేను తిన్న జున్ను, నా ఇంట్లో ఆయన స్నానానికి కాగిన నీళ్ళు, ఆయన కూర్చునే పీట. ఇదంతా ఒక్క ముక్కలో ఎలా చెప్తారు? సొంత మామే అంటే డాక్టరుగారు నమ్మరు. అబద్ధాలకోరుగా కనబడతాను. ఇరవై ఏళ్ళు అబద్ధం మీద అన్నం తిన్నవాణ్ణి, అబద్ధాలకోరుగా కనబడతానని భయపడ్డాను.

"ఊరి వరసే సార్," అన్నాను.

నిజమే చెప్పాను. గమనించండి, ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. యజమానికి లాభమైనప్పుడు ఆయన మా మామ. ఇంకో యజమానికి ఖర్చయినప్పుడు ఊరి వరస. రెండుసార్లూ ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

నా జేబులోంచి పెట్టుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. పెట్టుకోవచ్చు. ఆ సంగతి నాకు గది బయటికి వచ్చేదాకా తట్టలేదు. తట్టలేదంటే మీరు నమ్ముతారా? నేను నమ్మను.

తలుపు తీసే ఉంది. గుమ్మానికి ఉత్త కర్టెన్. దాని పక్కనే బెంచీ. నేను కర్టెన్ తొలగించుకుని బయటికి వచ్చేసరికి చెన్నయ్య లేచి నిలబడి ఉన్నాడు. కండువా మొండిచేతి మీదికి సర్దుకుంటున్నాడు. ఒంగోలు పెద్దాసుపత్రికి రాయిస్తాను, తెలిసినవాళ్ళున్నారు అని ఏదో మొదలుపెట్టాను. ఆయన కోపంగా లేడు. మొహంలో బాధ కూడా కనబడలేదు.

"పోయొస్తా సార్," అన్నాడు.

డాక్టరుగారు నా వెనకాల వచ్చారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

ఆయన మెట్లు మెల్లగా దిగి, మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని ఊపిరి తీసుకుని, బస్టాండు వైపు నడిచాడు. వెనక నుంచి మామా అని ఒక్క కేక వేస్తే ఆగేవాడు. నేను కేక వేయలేదు. గదిలోకి పోయి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ఒంగోలు పోలేదు. ఇంట్లోనే ఉన్నాడు. రెండుసార్లు సుజాత పోయి చూసొచ్చింది. రెండుసార్లూ నాకు పని పడింది. కిందటేడు వానలు మొదలుకాకముందే ఈరమ్మ ఫోన్ చేసింది. "అల్లుడా, మామ పోయినాడు." ఆ పిలుపు విని నాకు అర్థమైంది, ఆయన ఇంట్లో ఏమీ చెప్పలేదు. బెంచీ మీద విన్నది విన్నట్టే తనతో తీసుకుపోయాడు.

పాడె లేపేటప్పుడు వాళ్ళ పెద్దమనిషి ఒకాయన నన్ను చూసి ఆగాడు. "ఆయన మనోడు గాదు గద" అన్నాడు మెల్లగా. ఏడుస్తున్న ఈరమ్మ ఏడుపు ఆపింది.

"అల్లుడు మామను మోసుకుంటాడు. నువ్వు జరుగు," అంది.

నాకు కుడివైపు మూల ఇచ్చారు. చెయ్యి లేని వైపు. మోశాను. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను, ఇప్పుడైనా దించేసి చెప్పు, నేను అల్లుణ్ణి కాను, డాక్టరు ముందర నా నోటితోనే చెప్పాను అని. కాళ్ళు నడుస్తూనే ఉన్నాయి.

తిరిగి వస్తుంటే బస్సులో సుజాత నా భుజం మీద తల పెట్టుకుని, "మీరు ఆసుపత్రిలో చూపించినారు గద. అంతకంటే ఏం చేస్తాం" అంది. నేను "ఆ" అన్నాను. లెక్క చూస్తే అది నా మూడో తప్పు. అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే తేలిగ్గా వచ్చింది.

చెప్తే ఏమవుతుంది? ఈరమ్మకు మొగుడు పోయాక మిగిలిన గర్వం ఒకటుంది, అది పోతుంది. నా భార్యకు నాయన ఇంకోసారి పోతాడు. ఇది వాళ్ళ కోసం దాచడమా, నా కోసమా? వాళ్ళ కోసమే అని చాలాకాలం అనుకున్నాను. ఈమధ్య ఆ జవాబు నాకే పాత సాకులా వినబడుతోంది. వాళ్ళు క్షమిస్తారేమో అన్నది నా భయాల్లో ఒకటి. క్షమిస్తే ఆ మొహాలు రోజూ ఎలా చూడను?

మొన్న ఈరమ్మ ఫోన్ చేసింది. వచ్చే నెలలో చెన్నయ్యకు ఏడాది పెడుతున్నారు. "అల్లుడు లేకుండా ఎట్ల? నువ్వు ముందురోజే రావాల" అంది. వస్తానన్నాను. పోతాను. అక్కడ నోరు విప్పుతానో లేదో మీకు మాట ఇవ్వను, నా మాట విలువ మీరు చూశారు కదా.

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు గుండె మీద ఉన్న బరువు ఉన్నచోటే ఉంది. కాకపోతే ఇన్నాళ్ళూ అదేమిటో పేరు చెప్పలేదు, ఇప్పుడు చెప్పాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ రోజు డాక్టరుగారు అడిగినదానికి నా దగ్గర ఒక జవాబు ఉండిపోయింది. ఆలస్యమైంది, కర్టెన్ పక్కన వినేవాళ్ళు లేరు. అయినా చెప్తున్నాను.

సొంత మామే సార్.